కంది ధర గ్రాఫు గీసే ముందు ఫైలు సరిచేద్దాం

పోస్టు కొంచెం పొడుగు ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఈ నడుమ మన గ్రూపుల్లో తాండూరు మార్కెట్ కంది ధరల గ్రాఫులు బాగా తిరుగుతున్నయ్. పిల్లలు ఫోన్లోనే గీస్తున్నరు, సంతోషమే. కానీ వాటిల్లో కొన్ని చూస్తే గీత నాలుగైదు రోజులు పైన నడుస్తది, ఒక్కసారి నేలకు పడ్తది, మళ్ళా లేస్తది. దువ్వెన పండ్ల లెక్క. అదేందో ధర పడిపోవుడు కాదు. ఆ రోజు యార్డు బంద్. గీసినాయన ఖాళీ గడిలో సున్న పెట్టిండు, సాఫ్ట్‌వేర్ దాన్ని నిజమనుకున్నది. కంది క్వింటాలు సున్న రూపాయలకు అమ్మినట్టు గీసింది.

నవ్వుకొని వదిలేసేది కాదిది. వారంలో ఐదు రోజులు 7,200 ధర పలికిందనుకోండి, శని ఆదివారాలు బంద్. ఐదు రోజుల సగటు 7,200. అదే రెండు సున్నలు కలిపి ఏడుతో భాగిస్తే 5,143. ఇప్పుడు మనం ఆ కాగితం పట్టుకొని ఆఫీసుకు పోయి "సార్, ధర మద్దతు ధర కంటే రెండు వేలు కిందికి పోయింది, కొనుగోలు కేంద్రం పెట్టండి" అంటే, ఆయన తన కంప్యూటర్‌లో చూసి "ఎక్కడిదయ్యా ఇది" అంటడు. నిజంగనే మద్దతు ధర కింద అమ్ముకుంటున్నా మన మాట ఆడనే పోతది. 2024 సీజన్‌లో పదివేల చుట్టూ తిరిగిన కంది, 2025 సీజన్‌కు వచ్చేసరికి మద్దతు ధర 7,550 దగ్గరికి, దాని కిందికి దిగింది. అటువంటి ఏడాదిలోనే లెక్క చేతిలో ఉండాలె. అందుకే నా అభిప్రాయం ఖరాఖండిగా చెప్తున్న: గ్రాఫు గీసుడు పది నిమిషాల పని, దాని కింది ఫైలు తయారుచేసుడే అసలు పని. దుక్కి సరిగ్గ దున్నకుండా గొర్రు మంచిదా, సీడ్ డ్రిల్ మంచిదా అని కొట్లాడినట్టు ఉన్నది మన యవ్వారం.

ముందుగాల తేదీ సంగతి, ఎందుకంటే సగం గ్రాఫులు అక్కడనే చెడిపోతున్నయ్. మనం 03-02-2025 అని రాస్తే ఫిబ్రవరి మూడు. అమెరికా పద్ధతిల ఉన్న సాఫ్ట్‌వేర్ దాన్ని మార్చి రెండు అని చదువుతది. ఇంకో ఇబ్బంది ఏందంటే అది అన్ని తేదీలను ఒకే తీరుగ పాడుచెయ్యదు. నెలలో 1 నుంచి 12 దాకా ఉన్న తేదీలను అటుఇటు తిప్పేస్తది. 13 దాటినయి దానికి అర్థం కావు, పదమూడో నెల ఉండదు గదా, అందుకే వాటిని తేదీలుగ తీసుకోకుండా ఉత్త అక్షరాల లెక్క వదిలేస్తది. గ్రాఫులో సగం నెల మాయమైతది, మిగిలిన సగం వేరే నెలల్లో పోయి కూసుంటది. కంది రాక ఎక్కువుండే జనవరి, ఫిబ్రవరి ధరలు జులై, ఆగస్టులో కనిపిస్తయి. ఆగస్టుల తాండూరు యార్డుకు కొత్త కంది ఎక్కడిది?

దీన్ని పట్టుకునే తరీక ఉంది. షీట్‌లో తేదీల కాలమ్ చూడండి. సరిగ్గ తేదీగా గుర్తుపట్టినవి గడిలో కుడిపక్కకు జరిగి ఉంటయ్, అక్షరాలుగ మిగిలినవి ఎడమపక్కకు ఉంటయ్. రెండు పక్కలా కనిపిస్తే ఫైలు చెడినట్టే. మందు కూడా సులువే: గూగుల్ షీట్స్‌లో సెట్టింగ్స్‌కు పోయి లొకేల్ అన్న చోట ఇండియా పెట్టుకోవాలె, ఆ తర్వాతనే డేటా అతికించాలె. అతికించినంక మారిస్తే చెడినది బాగుపడదు. బయటికి పంపే ఫైలులో మాత్రం తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాయాలె: 2025-02-03. ప్రపంచం మొత్తం ఒప్పుకున్న పద్ధతి అది, ఏ గ్రాఫు సాఫ్ట్‌వేర్ అయినా తప్పు చదవదు. ఇంకోటి, తేదీ ఉండాల్సిన కాడ 45000 లాంటి అంకె కనిపిస్తే భయపడకండి. ఎక్సెల్ 1900 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెట్టుకుంట పోతది, ఆ అంకె 2023 మార్చి 15 అన్నట్టు. గడి ఫార్మాట్‌ను తేదీకి మారిస్తే సరిపోతది.

మన పెద్దోళ్ళ నోటుబుక్కులల్ల ఇంకో రకం తేదీ ఉంటది. "మృగశిర మూడో దినం మంచి వాన", "ఆరుద్రల విత్తినం". నాకు చానా ఇష్టమైన లెక్క అది, ఎందుకంటే కార్తె సూర్యుణ్ని బట్టి వస్తది కాబట్టి ఏటా ఇంచుమించు అదే తేదీకి పడ్తది. మృగశిర జూన్ 7, 8కి, ఆరుద్ర జూన్ 21, 22కి. ఆ ఏడాది పంచాంగం చూసి తేదీలోకి మార్చుకోవచ్చు. పండుగల పేరుతో రాసిన లెక్కలే గోస. "దసరా ముందట వాన" అంటే అది సెప్టెంబర్ ఆఖరు కావచ్చు, అక్టోబర్ నడుమ కావచ్చు. ఏ ఏడాదిదో తెలిస్తేనే మార్చాలె, లేకపోతే వివరం కాలమ్‌లో ఉన్నదున్నట్టు రాసి తేదీ గడి ఖాళీగ వదలాలె.

ఖాళీ అంటే ఖాళీనే. ఈ మాట మీద నాతోని వాదించేటోళ్ళు ఉన్నరు. "గీత తెగితే చూడబుద్ధి కాదు, ముందురోజు ధర వెనుకరోజు ధర కలిపి సగం చేసి పెడ్దాం" అంటరు. నేను ఒప్పుకోను. యార్డు బందున్న రోజు ధర అనేదే లేదు. హమాలీల సమ్మె అయి నాలుగు రోజులు కొనుగోళ్ళు ఆగితే, ఆ నాలుగు రోజుల ఖాళీ కూడా ఒక సమాచారమే. ఆ ఖాళీ తర్వాత ధర ఎట్ల తెరుచుకున్నదో చూడాలె గదా. మనం నడుమ అంకెలు పుట్టిస్తే ఆ సంగతి కప్పడిపోతది. పుట్టించిన అంకె ఏదో, యార్డు చెప్పిన అంకె ఏదో రెండు నెలలకు మనకే యాది ఉండదు. గీత తెగితే తెగనియ్యండి. చాలా సాఫ్ట్‌వేర్లలో ఖాళీ దగ్గర గీత తెంచాలా, కలపాలా, సున్న అనుకోవాలా అని అడిగే సెట్టింగ్ ఉంటది. తెంచు అని చెప్పండి.

వానకు మాత్రం లెక్క తిరగబడ్తది, ఇది గమనించాలె. వాన పడని రోజుకు సున్న రాయాలె, అది నిజమైన సున్న. మిషన్ పనిచెయ్యని రోజుకు ఖాళీ వదలాలె. రెండూ ఒకటే అనుకుంటే బెట్ట ఎన్ని రోజులు నడిచిందో తెల్వదు. కంది పూత మీదున్నప్పుడు అక్టోబర్, నవంబర్‌లో నేలలో తడి ఉన్నదా లేదా అనేదే పంటను నిలబెడ్తది. ఇరవై రోజుల బెట్టను ఫైలు పది రోజులని చూపిస్తే ఏం లాభం? రేపు నష్టపరిహారం అడిగినప్పుడు మన పంట ఎండింది నిజమే అయినా లెక్క మనకు అడ్డం తిరుగుతది.

వాన లెక్క కోసం మన రాష్ట్ర ప్రణాళికాభివృద్ధి సొసైటీ వాళ్ళ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నయ్, మండలాల వారీగ రోజువారీ వాన దొరుకుతది. వాన రోజు అంటే పొద్దున 8:30 నుంచి మరునాడు పొద్దున 8:30 దాకా, దేశమంతా ఇదే పద్ధతి. ఆదివారం రాత్రి దంచికొట్టిన వాన సోమవారం ఖాతాలో పడ్తది. "మా ఊళ్ళె ఆదివారం పడ్డది, వీళ్ళు సోమవారం అని రాసిన్రు, అంతా దొంగలెక్క" అని ఫేస్‌బుక్‌ల పంచాయితీ పెట్టేముందు ఇది యాదికి తెచ్చుకోండి. మీ పొలంలో గ్లాసు పెట్టి కొలుస్తున్నోళ్ళు కూడా పొద్దున 8:30కే చూసి ఆ రోజు తేదీ వెయ్యండి, అప్పుడు రెండు ఫైళ్ళు పక్కపక్కన పెడితే కలుస్తయ్.

ఇంకో చిక్కు, జూన్ 1 నుంచి మొత్తం అని ఇచ్చే కాలమ్. అది రోజువారీ వాన కాదు, పోగేసుకుంట వచ్చిన మొత్తం. దాన్ని రోజువారీ అనుకొని మళ్ళా కూడితే వికారాబాద్ జిల్లాకు చిరపుంజి వాన వచ్చేస్తది. అనంతగిరి గుట్టల్ల మబ్బులు ఎంత దిగినా అంత రాదు. ఈరోజు మొత్తంలోంచి నిన్నటి మొత్తం తీసేస్తేనే ఈరోజు వాన. తీసేస్తే మైనస్ వచ్చిందంటే వాళ్ళు నడుమ లెక్క సవరించిన్రన్నట్టు, ఆ వరుసకు గుర్తు పెట్టుకోండి. అట్లనే నెల మొత్తం ఒక్కటే చూపించే గ్రాఫుతో రైతుకు పనిలేదు. జూన్‌లో 120 మిల్లీమీటర్లు మూడు రోజుల్లో పడితే మన నల్లరేగడిలో విత్తనం మురుగుతది, అదే 120 పన్నెండు రోజుల్లో పడితే బంగారం. నెల లెక్కలో రెండూ ఒకటే పొడుగు కడ్డీ. భారత వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాన రోజు అంటది, ఆ లెక్కన వాన రోజులకు ఇంకో కాలమ్ పెట్టుకుంటే ఈ తేడా తెలుస్తది. పాత రికార్డుల్లో అంగుళాలు కనిపిస్తే 25.4తో గుణించండి, అంతే.

ఇప్పుడు ధరల దగ్గరికి వద్దాం. 2000లో కేంద్రం మొదలుపెట్టిన అగ్‌మార్క్‌నెట్‌లో తాండూరు ధరలు దొరుకుతయ్. ఒక్కో రోజుకు మూడు ధరలు ఉంటయ్: తక్కువ, ఎక్కువ, మోడల్. మోడల్ అంటే నమూనా కాదు, ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది. మన గ్రూపుల్లో కొందరు ఎక్కువ ధరే ఏరుకొని గీస్తున్నరు, చూసినోళ్ళు "పక్క ఊరాయనకు ఇంత పడ్డదంట, నాకెందుకు రాలే" అని అడ్తిదారు మీద పడుతున్నరు. ఒక్క కుప్పకు, అదీ ఎండిన, రాయి రప్ప లేని సరుకుకు వచ్చిన ధర అది. గీయాల్సింది మోడల్ ధర. తక్కువ, ఎక్కువలను దాని చుట్టూ పల్చటి నీడ లెక్క వేస్తే ఇంకా మంచిది. ఆ నీడ వెడల్పు అయిందంటే సరుకు నాణ్యతలో తేడా ఎక్కువున్నట్టో, పాట సరిగ్గ నడవనట్టో అనుమానించొచ్చు.

వారం సగటు తీసేటప్పుడు రాక లెక్క మర్చిపోవద్దు. సోమవారం 10 క్వింటాళ్ళు 7,000కి, మంగళవారం 400 క్వింటాళ్ళు 7,400కి పోయినయ్ అనుకోండి. రెండు ధరలు కలిపి సగం చేస్తే 7,200. నిజానికి రైతులకు పడ్డ సగటు 7,390. రాకతో గుణించి, మొత్తం రాకతో భాగించాలె. అక్కడ రాక టన్నుల్లో ఉంటది, ధర క్వింటాలుకు ఉంటది, మన నోట్లో సంచులుంటయ్. ఫైలులో ఒక్క కాలమ్‌కు ఒక్కటే కొలత ఉండాలె, ఆ కొలత పేరు కాలమ్ తలమీదనే రాయాలె. గడిలో "25 క్వి." అని రాస్తే అది అంకె కాదు, అక్షరం, సాఫ్ట్‌వేర్ దాన్ని కూడలేదు. "సెలవు", "రాక లేదు" అని ధర గడిలో రాసినా అంతే. ఆ మాటలకు వివరం అని వేరే కాలమ్ పెట్టండి.

మన తక్‌పట్టీలోని ధరను, అగ్‌మార్క్‌నెట్ ధరను ఒకే కాలమ్‌లో కలపకండి. హమాలీ, తరుగు పోను చేతికొచ్చింది వేరు, పాటలో పలికింది వేరు. రెండు కాలమ్‌లు పెట్టి రెండు గీతలు గీస్తే నడుమ ఎంత కోత పోతుందో కనబడ్తది. నన్నడిగితే ఈ మొత్తం కష్టంలో మనకు బాగా పనికొచ్చే గ్రాఫు అదే. ఆ గ్రాఫు ఏ వెబ్‌సైటూ ఇయ్యదు, మన తక్‌పట్టీలతోనే అయితది.

మద్దతు ధర గీత గురించి కూడా చెప్పాలె. కందికి 2020-21లో 6,000, తర్వాత 6,300, 6,600, 7,000, 7,550, 2025-26కు 8,000. కేంద్రం మే, జూన్‌లో ప్రకటిస్తది, కాబట్టి కొందరు జూన్‌లోనే గీతను పైకి లేపుతున్నరు. కానీ అది అక్టోబర్ నుంచి మొదలయ్యే మార్కెటింగ్ సీజన్‌కు. 2025 జనవరిలో అమ్మిన కందికి 7,550 వర్తిస్తది, జులై 2025లో పాత కంది అమ్ముకున్నాయనకు 8,000 చూపించి "నష్టపోయినవ్" అంటే తప్పు. అంతకంటే పెద్ద సంగతి, మన కందికి జనవరి నుంచి డిసెంబర్ లెక్క పనికిరాదు. డిసెంబర్‌లో కోసింది, మార్చిలో అమ్మింది ఒకే పంట. క్యాలెండర్ సంవత్సరం చొప్పున గ్రాఫు గీస్తే ఒక సీజన్‌ను నడుమ కోసి రెండు ముక్కలు చేసినట్టు. అందుకే సీజన్ అని ఒక కాలమ్ పెట్టి, అక్టోబర్ నుంచి సెప్టెంబర్ దాకా ఒకే పేరు ఇయ్యండి. అప్పుడు నాలుగు సీజన్లను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడొచ్చు: రాక పెరిగిన వారం ధర ఎంత జారింది, గోదాంలో పెట్టి ఆగినోనికి వడ్డీ, బస్తాల ఖర్చు పోను మిగిలిందా లేదా. అమ్మాలా ఆగాలా అని అందరం ఏటా గుంజుకునే ప్రశ్న ఇదే.

పాత ఏండ్లకు పోతే పేర్లు మారుతయ్. 2016 అక్టోబర్ 11 దాకా వికారాబాద్ జిల్లానే లేదు, మనది రంగారెడ్డి. కొడంగల్ దిక్కు మహబూబ్‌నగర్. 2014 జూన్ 2కి ముందు రాష్ట్రం పేరే ఆంధ్రప్రదేశ్. వికారాబాద్ అని వెతికి "2016కు ముందు డేటా లేదు" అనుకునేటోళ్ళు చానా మంది. ఉన్నది, వేరే పేరు కింద ఉన్నది. అయితే పాత రంగారెడ్డి జిల్లా సగటును తెచ్చి కొత్త వికారాబాద్ సగటుకు అతికించొద్దు. పాతదాంట్లో హైదరాబాద్ చుట్టుపక్కల మండలాలన్నీ ఉండె. మండలం పేరుతో, మార్కెట్ పేరుతో నడిపిస్తేనే వరుస తెగకుండా వస్తది. తాండూరు మార్కెట్ అప్పుడూ తాండూరే, ఇప్పుడూ తాండూరే. మండలాలు కూడా విడిపోయినయ్ కాబట్టి, ఏ తేదీ నుంచి ఏ వానమాపకం లెక్క తీసుకున్నరో వివరం కాలమ్‌లో రాయండి.

పేరును ఒకే తీరుగ రాయాలె. తాండూర్, తాండూరు, చివర ఒక ఖాళీ స్పేస్ ఉన్న తాండూరు — మనకు మూడూ ఒకటే, సాఫ్ట్‌వేర్‌కు మూడు మార్కెట్లు, మూడు రంగుల గీతలు.

ఫైలు సీఎస్‌వీగా దాచేటప్పుడు రెండు జాగ్రత్తలు. ధరలో కామా పెట్టొద్దు. 7,250 అని ఉంటే, కామానే గడికీ గడికీ నడుమ గట్టు కాబట్టి, 7 ఒక గడిలో 250 ఇంకో గడిలో పడ్తయ్, కంది క్వింటాలు ఏడు రూపాయలైతది. తెలుగు అక్షరాలుంటే యూటీఎఫ్-8 అన్న రకం ఎంచుకోవాలె, లేకపోతే ఊరి పేర్లన్నీ పిచ్చి గీతలైతయ్. మొదటి వరుసలో కాలమ్ పేర్లు తప్ప ఇంకేం ఉండొద్దు. అందంగ ఉండాలని పైన పెద్దక్షరాలతో శీర్షిక పెట్టి గడులు కలుపుతరు, కింద మొత్తం వరుస వేస్తరు. ఆ మొత్తం కూడా ఒక రోజు ధరే అనుకొని గీత చివర ఆకాశానికి లేస్తది.

"ఇవన్నీ ఎందుకన్నా, ఏఐకి ఇస్తే అదే గీస్తది" అని ఒక తమ్ముడు అడిగిండు. గీస్తది. తేదీ ఏదో తెల్వకపోతే అదీ ఊహించుకుంటది, నీకు చెప్పకుండనే. ఊహించింది తప్పా ఒప్పా చూసుకోవాలంటే మళ్ళా ఇవన్నీ తెలిసి ఉండాలె. వానను, ధరను ఒకే గ్రాఫులో రెండు పక్కల రెండు కొలతలతో గీసి "చూడు, వాన తగ్గితే ధర పెరిగింది" అనే బొమ్మలు కూడా వద్దు. కొలతలు అటుఇటు జరిపితే ఏది దేనితోనైనా కలుస్తది. కంది ధరకు మన వాన ఒక్కటే కారణం కాదు. 2021 మేలో కంది దిగుమతులకు తలుపు తెరిచిన్రు, 2023 జూన్‌లో వ్యాపారుల నిల్వల మీద పరిమితి పెట్టిన్రు. ఆ తేదీల దగ్గర గ్రాఫు మీద నిలువు గీత పెడితే చాలు, చూసేటోళ్ళు వాళ్ళే ఆలోచిస్తరు.

2022 డిసెంబర్‌లో తాండూరు కందికి జీఐ గుర్తింపు వచ్చింది, దరఖాస్తు పెట్టింది మన యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీనే. పేరైతే వచ్చింది. ఆ పేరుకు మార్కెట్లో పక్క జిల్లాల కంది కంటే ఎన్ని రూపాయలు ఎక్కువ పడుతున్నదో, అసలు పడుతున్నదో లేదో చెప్పాలంటే 2022 డిసెంబర్‌కు ముందు రెండు మూడు సీజన్లు, తర్వాత రెండు మూడు సీజన్లు, పక్క మార్కెట్లతో సహా ఒకే పద్ధతిల ఫైలులో ఉండాలె. ఈ పని ఇంకెవరో చేసి పెడ్తరని నాకైతే నమ్మకం లేదు, చెయ్యాల్సింది మనమే అని నా అభిప్రాయం.

కాబట్టి ఒక షీటు మొదలుపెట్టిన. తేదీ, మార్కెట్, రాక క్వింటాళ్ళు, తక్కువ, ఎక్కువ, మోడల్, చేతికొచ్చింది, సీజన్, వివరం — ఇవే కాలమ్‌లు. డౌన్‌లోడ్ చేసిన అసలు ఫైలు ఒక పక్కకు ముట్టకుండా ఉంటది, సవరణలన్నీ కాపీలోనే. పాత తక్‌పట్టీలు ట్రంకు పెట్టెల్లో ఉన్నోళ్ళు, ముఖ్యంగా 2016కు ముందటివి, ఫోటో తీసి పంపండి. పేరు మీద, ఫోను నంబర్ మీద కాగితం ముక్క పెట్టి తీయండి. నాకు కావాల్సింది తేదీ, తూకం, ధర, కోతలు, అంతే. తేదీ చెరిగిపోయినవి కూడా పంపండి, వాటిని వేరే షీటులో పెడ్త.